పంటి పెద్దమ్మ, రాలే గోధుమ

విత్తనాల ఫారంలో ఏ గోధుమ మడి కొయ్యాలన్నా ముందు పంటి పెద్దమ్మ నోరు తెరవాలి. మాట్లాడ్డానికి కాదు లెండి, అందుకైతే ఆ నోరు మూతపడిందెప్పుడు గనక! కంకిలోంచి ఒక్క గింజ ఊడదీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, కుడివైపు దవడ పన్ను కింద పెట్టి నొక్కుతుంది. పాలు కారితే ఉమ్మేసి తన దారిన తను పోతుంది. మైనంలా అణిగితే "ఇంకా పసిది, జోలికి పోకండి" అంటుంది. టక్కుమని రెండు చెక్కలైతే మాత్రం చెయ్యి పైకెత్తి, "పట్టండి కొడవళ్ళు!" అని కేకేస్తుంది. ఆ కేక వినబడేదాకా ఎంత పెద్ద ఆఫీసరైనా గట్టు మీద నిలబడాల్సిందే.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు. పెళ్ళైన కొత్తలో ఫారం గేటు బయట బుట్టలో రొట్టెలు పెట్టుకుని అమ్ముకునేది. ఓ ఏడాది కోతలకి మనుషులు చాలక లోపలికి పిలిచారు. లోపలికొచ్చిన మనిషి మళ్ళీ బయటికి పోలేదు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఆ పన్ను మాత్రం అరగలేదు.

మధ్యలో ఒకసారి గింజలో తేమ ఎంతుందో చెప్పే యంత్రం వచ్చింది. పెద్దమ్మ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆవిడేమీ అలగలేదు. యంత్రం పక్కనే నిలబడి, అది అంకె చూపించేలోపు గింజ కొరికి, ఇద్దరి మాటా ఒకటైనప్పుడల్లా "దీనికి బుద్ధుంది" అని మెచ్చుకునేది. తేడా వచ్చిన రోజున దానికి జ్వరమొచ్చిందనేది. అయితే ఆ యంత్రానికి ప్రతిసారీ గుప్పెడు గింజలు పొయ్యాలి. ఫారంలో మంచమంత మడులు, చాపంత మడులు బోలెడున్నాయి. వాటిలోంచి గుప్పెడు తీసేస్తే ఇంకేం మిగుల్తుంది, మట్టి తప్ప? ఒక్క గింజతో సరిపెట్టేది పెద్దమ్మ పన్నే. అందుకని చిన్న మడులన్నీ ఆవిడ చేతికిందే ఉండిపోయాయి.

మొగుడు రొట్టెల బట్టీలో పిండి కలుపుతాడు. వాళ్ళ ఇల్లు బట్టీ పైన రెండు గదులు. కింద నిప్పు ఉంటుంది కాబట్టి ఆ ఇంటి నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. దుప్పట్ల మీదా కిటికీ రెక్కల మీదా ఆయన కనుబొమల మీదా పిండి పేరుకుని ఉంటుంది. ఇద్దరికీ ఒకరినొకరు దెప్పుకోకపోతే ముద్ద దిగదు.

"ఏమే, నీ పన్ను ఊడిన రోజున ఆ ఫారం మూసేస్తారే పాపం" అంటాడాయన.

"నీ నడుం పట్టేసిన రోజున ఊరు పస్తుంటుందిలే. ముందు అది చూసుకో" అంటుందావిడ.

నిజానికి ఆ పన్ను ఈ మధ్య కదులుతోంది. ఆ సంగతి పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇంకో రెండు పంటలు కోయిస్తే ఉద్యోగంలోంచి దిగిపోవచ్చు. అంతదాకా నిలబడితే చాలని రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది.

అలాంటి రోజుల్లో, చలి మొదలైన ఓ పొద్దున, గింజల మేడమ్ ఆవిణ్ణి సామాన్ల షెడ్డులోకి పిలిచింది. గింజల మేడమ్ అంటే ఫారంలో చల్లగది చూసే ఆఫీసరు. లోకంలో ఉన్న రకరకాల గోధుమల విత్తనాలు ఆ గదిలో సీసాల్లో నిద్రపోతుంటాయి. వయసులో చిన్నదే గానీ మాట పొదుపు. జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి, విప్పి, పెద్దమ్మ అరచేతిలో ఒంపింది.

గింజలా అవి? పొట్టు ఒంటికి అంటుకుపోయి ఉంది. కింద సూదిలాంటి మొన, పైన రెండు పొడుగాటి మీసాలు.

"ఇదేం గడ్డి మేడమ్? గోధుమని మాత్రం అనకండి, నలుగురూ నవ్విపోతారు."

"గోధుమే పెద్దమ్మా. మనం తినే గోధుమకి తాతమ్మ."

పెద్దమ్మకి చుట్టరికాలంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. గోనెసంచి మీద చతికిలబడి "చెప్పండి" అంది. మేడమ్ కూడా పక్కన కూర్చుంది.

"గోధుమంటే ఒకటి కాదు, పెద్ద వంశం. పొట్టుకి ఒక్క గింజే ఉండే ఒంటిగింజ గోధుమని ఒకటుంది, అది ఆ ఇంటి పాతకాలపు పిన్నమ్మ అనుకోండి. ఇదేమో పొట్టుకి రెండేసి గింజలుండే అడవి గోధుమ. దీన్ని మనుషులు చేరదీస్తే జంటగింజ గోధుమైంది. దాని కడుపున రవ్వ గోధుమ పుట్టింది. అదే జంటగింజ గోధుమ ఎప్పుడో, ఏ పొలం గట్టునో, ఓ పిచ్చిగడ్డితో కలిసింది. ఎవరూ పనిగట్టుకుని కలపలేదు, దానంతటదే జరిగింది. అలా పుట్టిందే మన రొట్టెల గోధుమ."

"అంటే మా ఆయన రోజూ పిసికేది గట్టుమీది గడ్డి బిడ్డనా?"

"బిడ్డనే. ఆ పిండి అలా సాగుతుంది చూడండి, పొంగుతుంది చూడండి, అందులో ఆ గడ్డి పుణ్యం చాలా ఉంది. అదంతా మనుషులు బండిచక్రం చెయ్యకముందు, అక్షరం రాయకముందు జరిగింది."

ఇన్నేళ్ళుగా గోధుమ మధ్యలో బతికి, దాని పుట్టుపూర్వోత్తరాలు ఒక్కసారైనా అడగలేదే అనిపించింది పెద్దమ్మకి. చేతిలోని మీసాల గింజల్ని ఇంకాస్త దగ్గరగా పట్టుకుని చూసుకుంది.

మేడమ్ గొంతు తగ్గించింది. "ఈ రకం ఒకే ఒక్క కొండవాలు మీద పెరిగేది. ఆ వాలు ఇప్పుడు ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. చల్లగదిలో ఉన్నవి పాతబడి చచ్చిపోతున్నాయి. మిగిలింది ఈ చారెడే, వీటిలోనూ ఎన్ని మొలుస్తాయో తెలీదు. మన గోధుమని తుప్పు తెగులు తినేస్తోంది కదా, ఇది ఆ తెగులుకి లొంగదు. ఇది పోతే ఆ బలం మళ్ళీ ఎక్కడా దొరకదు పెద్దమ్మా. మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు."

ఆ మాట పెద్దమ్మ గుండెల్లో దీపం పెట్టినట్టయింది. ఆ చారెడూ చాపంత మడిలో విత్తింది. సగానికి సగం మొలవలేదు. మొలిచినవాటిని మాత్రం కంటికి రెప్పలా కాచింది. పిట్టలు వాలకుండా వల కట్టింది. కలుపు తీసేటప్పుడు ఏది కలుపో ఏది గోధుమో తెలియనంత సన్నగా ఉండేవి ఆ మొక్కలు. చలి తగ్గేసరికి ఈనాయి. అటూ ఇటూ మడుల్లో రొట్టెల గోధుమకి తుప్పు తెగులొచ్చి, నడిచినవాళ్ళ కాళ్ళకి ఎర్రపొడి అంటుకుంటుంటే, ఈ తాతమ్మ మాత్రం ఒక్క మచ్చ లేకుండా నిలబడింది. పెద్దమ్మ ఆకుల మధ్య చెయ్యి పెట్టి బయటికి తీసి చూసుకుంది. చెయ్యి శుభ్రంగా ఉంది. "ఎంతదానివే!" అంది పైకే.

సరిగ్గా అప్పుడే మేడమ్‌కి చెల్లెలి కాన్పుకి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందు మడి దగ్గరికొచ్చి చెప్పింది. "పెద్దమ్మా, కంకి పైభాగం పసుపు తిరగ్గానే కోసెయ్యండి. పండేదాకా ఆగొద్దు. ఇది రాలే రకం."

"అలాగే మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి."

అలాగే అన్నది నోరు. పన్ను ఒప్పుకోవద్దూ? రాలడం ఆవిడ చూడనిదా? ముదిరిన గోధుమ గట్టిగా గాలేస్తే నాలుగు గింజలు రాలుస్తుంది. ఆ నాలుగు గింజల కోసం పచ్చి కంకి కోసేస్తారా ఎవరైనా? కంకులు పసుపు తిరిగిన రోజున ఒక గింజ తీసి కొరికింది. మెత్తగా ఉంది. పాలు పూర్తిగా ఇంకలేదు. పాలు తాగే బిడ్డని తల్లి దగ్గర్నుంచి లాగేసినట్టవుతుందని చెయ్యి రాలేదు. ఆవిడ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఫారంలో ట్రాక్టరు తోలేది ఆవిడ మరిది. గట్టు మీద ట్రాక్టరు ఆపి అడిగాడు. "వదినా, మేడమ్ కోసెయ్యమన్నారుగా?"

"నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు ఆ పెద్దలే."

"అన్నవాళ్ళు గోధుమ కొయ్యలేదులే. నువ్వు వెళ్ళి నీ ట్రాక్టరు కడుక్కో."

మర్నాడు కొరికింది, ఇంకాస్త గట్టిపడింది. ఆ మర్నాడు మధ్యాహ్నం నుంచి వేడిగాలి మొదలైంది. సాయంత్రం కొరికితే టక్కుమనలేదు గానీ, అనబోయింది. "రేపు పొద్దున్నే నీ పెళ్ళి" అని కంకి నిమిరి ఇంటికెళ్ళింది.

పొద్దున్నే కొడవలీ కొత్త గుడ్డసంచీ పట్టుకుని వచ్చింది. వల ఉంది. వల కింద కాడలున్నాయి. కాడల మీద కంకులు లేవు. ఒక్కో కాడ చివర ఒకటో రెండో పొట్టులు వేలాడుతున్నాయి, అంతే. పాలపన్ను ఊడినట్టు ప్రతి కణుపూ నున్నగా విడిపోయింది. నాలుగు గింజలు రాలడం కాదది. కంకి కంకే ముక్కలై దిగిపోయింది.

కొడవలి పడేసి వల పీకి పక్కకి లాగింది. మోకాళ్ళ మీద పాకుతూ మడంతా వెతికింది. దొరికినవి దొరికినట్టు ఏరింది. అన్నీ చీమలు తొలిచినవే, లోపల డొల్ల. దొరకనివి ఎక్కడికి పోయాయో అర్థం కాలేదు. వల ఉంది కాబట్టి పిట్టలు తినలేదు. చీమలే మోసుకుపోయుంటాయి అనుకుంది. ఆనకట్ట నీళ్ళ కింద మునిగింది మునగగా, చల్లగదిలో చచ్చింది చావగా మిగిలినదాన్ని తను చేతులారా పోగొట్టింది. లోకంలో ఇంకెక్కడా లేనిదాన్ని! ఏ మొహం పెట్టుకుని మేడమ్‌కి చెబుతుంది?

పని ఎగ్గొట్టి ఎరగని మనిషి ఆ రోజు మధ్యాహ్నానికే బట్టీలోకి వచ్చి పడింది. మొగుడు పిండి కలిపిన తొట్టి మీద తడిగుడ్డ కప్పుతున్నాడు. ఆవిడ గోడకానుకుని కూర్చుని జరిగింది చెబుతూ భోరున ఏడ్చింది. ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పెళ్ళాం అరవగా విన్నాడు, తిట్టగా విన్నాడు, ఏడవగా ఎప్పుడూ వినలేదు.

"ఊరుకోవే. నీ పన్ను తప్పు చెప్పలేదుగా."

"పన్ను తప్పు చెప్పలేదయ్యా! అడక్కూడని చోట అడిగాను."

ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. పనికి చీర మీద తొడుక్కునే ఆవిడ చొక్కా చేతికి మీసాల పొట్టు ఒకటి గుచ్చుకుని ఉంది. తీద్దామని లాగితే రాలేదు. అటు తిప్పి, మొన ఉన్న వైపుకే నెడితే వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలీక తొట్టి మీది తడిగుడ్డ మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచిన పెద్దమ్మ చూపు దాని మీదే ఉంది. ఎడంగా ఉన్న రెండు మీసాలు మెల్లగా దగ్గరికి జరిగాయి.

"ఏమయ్యా, దాన్ని నువ్వు కదిపావా?"

"నేనెక్కడ కదిపాను? నా చేతులు ఇక్కడుంటేనూ!"

పెద్దమ్మ దాన్ని తీసి బట్టీ అరుగు మీద, వేడి తగిలే చోట, ఎండిన గోనెగుడ్డ మీద పెట్టింది. కాసేపటికి ఆ మీసాలు మళ్ళీ విచ్చుకున్నాయి. విచ్చుకుంటూ ఒళ్ళంతా ఓ పిసరు ముందుకు జరిగింది. తడి చేత్తో నీళ్ళు చిలకరించింది. మీసాలు ముడుచుకున్నాయి. ముడుచుకుంటే వెనక్కి రావాలిగా? రాలేదు. మీసాల నిండా కంటికి కనిపించనంత సన్నటి నూగు, వెనక్కి పోనివ్వకుండా గుడ్డని పట్టుకుంటోంది. మళ్ళీ వేడి, మళ్ళీ ముందుకి. ఎప్పుడూ మొన వైపే. పొయ్యిలో రొట్టెలు మాడుతున్నాయని ఇద్దరికీ స్పృహ లేదు.

"ఓసి దీనమ్మ కడుపు చల్లగుండ, ఇది నడుస్తోందే!" అన్నాడాయన. పిండి పేరుకున్న ఆ కనుబొమలు నుదుటి మీదకి ఎక్కిపోయాయి.

కాళ్ళు లేవు, కళ్ళు లేవు, ప్రాణం ఉందో లేదో తెలీని ఎండుపొట్టు. పొద్దుటి తేమకి ముడుచుకుని మధ్యాహ్నం ఎండకి విచ్చుకుని, ఎటు పోవాలో ఎరిగినట్టు పోతోంది. ఎటు పోతుంది? మొన ఎటుంటే అటు. నేల మీద పడితే మొన ఎటుంటుంది? కిందికే కదా! అప్పుడర్థమైంది, మడిలో కనపడనివన్నీ ఎక్కడికి పోయాయో. చీమలు కొన్నే మోసుకుపోయాయి. మిగతావి తమంతట తాము భూమిలోకి దిగుతున్నాయి.

మరుక్షణం ఇంకోటి గుర్తొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫారంలో కోతలయిన మడిని అట్టే ఉంచరు, వెంటనే లోతుగా దున్నేస్తారు. ఉత్త కాడలున్న మడిని చూసి కోసేశారనుకోరూ? మరిది ట్రాక్టరు ఈ పూట ఆ వరసలోనే ఉంది.

ఆ మోకాళ్ళతో ఆవిడ అంత దూరం ఎలా పరిగెత్తిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. వెళ్ళేసరికి పక్క మడి దున్నడం అయిపోయింది. ట్రాక్టరు ఈ మడి వైపు తిరుగుతోంది. పెద్దమ్మ రెండు చేతులూ చాచి దానికి ఎదురుగా నిలబడింది.

"వదినా! అడ్డం లే! పిచ్చా ఏంటి నీకు?"

"దిగు ముందు. దిగి నేల చూడు."

మరిది గొణుక్కుంటూ దిగాడు. ఆవిడ చూపించిన చోట గొంతుక్కూర్చున్నాడు. నెర్రెలో రెండు మీసాలు బయటికి నిలబడి ఉన్నాయి. పొట్టు కనిపించట్లేదు, అప్పటికే మట్టిలో దిగబడింది. ఆ పక్కన ఇంకోటి సగం దిగింది. ఇంకాస్త అవతల, మట్టిబెడ్డ కింద, ఇంకోటి. ఒకసారి కన్ను పట్టాక ఎటు చూసినా అవే. వేడిగాలికి ఆ మీసాలన్నీ చేతులు చాచినట్టు విచ్చుకుని ఉన్నాయి.

"దీని దుంపతెగ!" అన్నాడు మరిది. నోరు జారి అన్నా నెత్తిన ఉన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మనం నాగలి పెట్టి, గొర్రు పెట్టి, నానా గడ్డీ కరిచి చేసే పని ఇది ఒక్కత్తే చేసుకుంటోందా వదినా?"

మేడమ్ తిరిగొచ్చిన రోజున పెద్దమ్మ గేటు దగ్గరే ఎదురెళ్ళి అంతా చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. మేడమ్ తిన్నగా మడి దగ్గరికి నడిచింది. మడి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ ఉత్త కాడల్నే చూసింది.

"నేను చెప్పాను కదా పెద్దమ్మా" అంది చివరికి.

ఆ ఒక్క మాటే. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. పెద్దమ్మ తల దించుకుని నిలబడింది.

"పొట్టు నేలలోకి దిగుతుందని చదివాను. కళ్ళతో ఎప్పుడూ చూడలేదు" అని మేడమ్ వంగి, నెర్రెలోని మీసాల్ని వేలి కొసతో తాకింది. "తవ్వి తీస్తే ఎన్ని దొరుకుతాయో, ఎన్ని విరుగుతాయో. మనకన్నా ముందు నుంచీ దీనికి ఈ పని వచ్చు. వాన వచ్చేదాకా వదిలేద్దాం. మొలిస్తే ఉంది. లేకపోతే లేదు."

ఆ ఎండాకాలం పెద్దమ్మకి ఎంత పొడుగైందో! మడి చుట్టూ ముళ్ళకంప వేసింది, చీమలు రాకుండా బట్టీలోని బూడిద తెచ్చి గిరి గీసింది. బూడిద గాలికి పోయేది, మళ్ళీ తెచ్చి గీసేది. నేల పగిలి గట్టిపడింది, మీసాలు కూడా మట్టిలో కలిసిపోయాయి. రోజూ ఇంటికి పోయే ముందు వచ్చి కాసేపు నిలబడేది. ఒక్కోరోజు మేడమ్ కూడా వచ్చేది. ఓ సాయంత్రం పెద్దమ్మ అడిగింది.

"మరి మన గోధుమ ఇలా ఎందుకు రాలదు మేడమ్?"

"రాలని మొక్క ఎక్కడో ఒకటీ అరా పుడుతుంది. అడవిలో దానికి బతుకు లేదు, గింజ కంకిలోనే ఉండిపోయి ఎండిపోతుంది. కానీ ఎవరో ఏరుకోడానికి వచ్చారు. రాలినవి నేల పాలయ్యాయి, రాలనివి బుట్టలోకి వచ్చాయి. బుట్టలోవే మళ్ళీ విత్తారు. అలా తరతరాలు. ఇప్పుడు మన గోధుమకి రాలడమే రాదు. మనిషి వచ్చి కోసేదాకా అలా నిలబడే ఉంటుంది."

పెద్దమ్మ తలెత్తి చుట్టూ చూసింది. ఫారమంతా, ఫారం అవతలి పొలాలంతా, ఏటేటా నిలబడి మనిషి కోసం ఎదురుచూసే ఆ కంకులన్నీ ఆవిడ కళ్ళ ముందు కదిలాయి.

"ఆ వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండే ఉంటారు" అంది.

"ఉండే ఉంటారు."

"వాళ్ళలో ఒకత్తి గింజ కొరికి చూసే ఉంటుంది." కుడి దవడ తడుముకుంది. "నా పన్నే గొప్పదనుకున్నాను మేడమ్ ఇన్నాళ్ళూ. గింజ ఆగబట్టి నా పన్నుకి మర్యాద దక్కింది."

వాన వచ్చింది. మొదటిది నేల తడిపి పోయింది, రెండోది ఇంకింది. పెద్దమ్మ రోజూ వచ్చి చూసి, ఏమీ లేక, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఇంట్లో కూడా మాట్లాడట్లేదని మొగుడు భయపడ్డాడు. చలి మొదలయ్యాక ఓ పొద్దున మంచు విడుస్తుండగా వచ్చి ముళ్ళకంప పక్కకి జరిపింది. మట్టిలోంచి సన్నటి పచ్చటి సూదులు లేచి ఉన్నాయి. వరసా లేదు, సాలూ లేదు, ఎక్కడ దిగినవి అక్కడే. నేలకి మొక్కాలో ఆకాశానికి మొక్కాలో తెలీక పెద్దమ్మ ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

మేడమూ, వెనకే మరిదీ వచ్చారు. మేడమ్ ఒక్కో మొలకనీ తడుముతూ చూసింది. పెద్దమ్మకి మాత్రం ఓ అనుమానం పట్టుకుంది.

"పొట్టుకి రెండు గింజలు కదా మేడమ్. అన్నిచోట్లా ఒక్కటే లేచిందేం? రెండోవి చచ్చాయా?"

"లేదు. అదీ దీని తెలివే. రెంటిలో పెద్దది ఈ ఏడు మొలుస్తుంది. చిన్నది పడుకునే ఉంటుంది, వచ్చే ఏడు లేస్తుంది. ఈ ఏడు వాన మోసం చేసి ఇవన్నీ మాడిపోయినా, వంశం నిలబడాలి కదా."

పెద్దమ్మ మరిది వైపు చూసింది. మరిది పెద్దమ్మ వైపు చూశాడు.

"విన్నావా వదినా? అక్కేమో ఆలస్యం విషం అంది. చెల్లెలేమో నిదానమే ప్రధానం అంది."

"ఇద్దర్నీ ఒకే పొట్టులో పెట్టి పంపించింది చూడు, ఆ తల్లిది తెలివి" అంది పెద్దమ్మ.

చలికాలం మధ్యలో, కదిలే పన్ను కాస్తా రొట్టె అంచు కొరుకుతుంటే ఊడి చేతిలోకి వచ్చింది. మొగుడు వారం పాటు "ఫారం మూసేశారా?" అని అడిగాడు. అడిగినప్పుడల్లా "ఎడమవైపు లేదా ఏంటి?" అని ఆవిడ సమాధానం చెప్పింది. ఎడమ పన్నుతోనే ఆ ఏడు మిగతా మడులన్నీ కోయించింది. కాస్త నత్తిగా వచ్చినా, "పట్టండి కొడవళ్ళు!" అన్న కేకలో జోరు తగ్గలేదు.

తాతమ్మ మడి చివరికి మిగిలింది. కంకుల కొసలు పసుపు తిరిగాయి. గింజ ఇంకా పచ్చిగా ఉండగానే, రాలినా అందులోనే పడేలా, మేడమ్ చెప్పినట్టు ఒక్కో కంకికీ పల్చటి గుడ్డసంచి తొడిగింది పెద్దమ్మ. తొడగనిది ఒక్కటే, గట్టు పక్కది. అది పండిన రోజే ఉద్యోగానికి ఆఖరి రోజు. మేడమ్, మరిది, ఆ రోజు బట్టీ పని త్వరగా ముగించుకుని వచ్చిన మొగుడు, అందరూ గట్టు మీద నిలబడ్డారు. వేడిగాలి లేస్తోంది.

"కొరికి చూడవే" అన్నాడు మొగుడు అలవాటుగా.

"నోర్ముయ్యవయ్యా" అంది మెల్లగా. "ఇది మనం అడిగితే చెప్పే గింజ కాదు. అది చెప్పినప్పుడే మనం వినాలి."

కొడవలి గట్టు మీద పడేసి, ఆ కంకి కింద అరచెయ్యి చాచి నిలబడింది. గాలి ఒకసారి వీచి ఆగింది. ఇంకోసారి వీచింది. కంకి కొసన ఉన్న పొట్టు, ఎవరూ తాకకుండా, కణుపు దగ్గర విడిపోయి, మీసాలతో సహా వచ్చి ఆవిడ అరచేతిలో పడింది.

జన్మంతా కోసి తీసుకున్న మనిషికి గోధుమ తనంతట తాను ఇచ్చిన మొదటి గింజ అది. పెద్దమ్మ గుప్పిట మూయలేదు. మూస్తే మీసాలు విరుగుతాయని, చెయ్యి అలాగే చాచి ఉంచి, కళ్ళు తుడవమని మొగుడికి మొహం చూపించింది.